మన దోవ ఏ పుస్తకంలో ఉంది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం రోడ్ల కథ



ఇది కొంచెం పొడుగు పోస్టు. బస్సులో కూర్చున్నప్పుడో, హాస్టల్లో రాత్రి అన్నం తిన్నాకో తీరిగ్గా చదవండి.

తండాకు రోడ్డు కావాలని అర్జీ పట్టుకుని తిరిగినవాళ్ళందరికీ తెలిసిన జవాబు ఒకటుంది: "ఈ రోడ్డు మాది కాదు." ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసు పేరు చెప్తారు. అక్కడికి పోతే ఇది పంచాయతీది అంటారు. పంచాయతీలో అడిగితే సగం దోవ అడవిలో ఉంది కదా, మేమేం చేస్తాం అంటారు. వినేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది, తప్పించుకునే మాట అనిపిస్తుంది. కొన్నిసార్లు అది తప్పించుకునే మాటే. కానీ చాలాసార్లు అది నిజం కూడా. ఆ నిజం వెనక 150 ఏళ్ళ చరిత్ర ఉంది. మన చదువుల్లో ఎక్కడా చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

సంగతి ఇదీ. మన దేశంలో రోడ్డు అంటే నేల మీద ఉండేది మాత్రమే కాదు, కాగితం మీద కూడా ఉండాలి. ఏదో ఒక ఆఫీసు రిజిస్టర్లో దానికి పేరు, నంబరు, పొడవు రాసి ఉండాలి. ఆ రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే దానికి కంకర తోలాలి, గుంతలు పూడ్చాలి, కల్వర్టు కట్టాలి. ఏ రిజిస్టర్లోనూ లేని దోవకు ఎవరూ డబ్బు పెట్టరు. పెట్టడానికి పద్దు ఉండదు. వందేళ్ళుగా మనుషులూ గొడ్లూ నడిచిన దోవ అయినా సరే, పుస్తకంలో లేకపోతే లేనట్టే లెక్క.

ఈ పుస్తకాలు పుట్టకముందు ఈ సీమలో దోవలు వేసింది ఎవరో ముందు చెప్పుకుందాం.

సుగాలీ తండాల్లో ముసలోళ్ళను అడిగితే "లదేణి" అనే మాట వస్తుంది. ఎద్దుల మీద కంట్లాలు వేసి, ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ ఊళ్ళు దాటిపోయే బిడారుకే ఆ పేరు. ఒక్కో బిడారులో వందలు, ఒక్కోసారి వేల ఎద్దులు. ముందు నాయకుడు, వెనక తండా మొత్తం: ఆడోళ్ళు, పిల్లలు, కుక్కలు, సామాను. తీరంలో ఉప్పు ఎత్తుకుని మెట్ట సీమకు, మెట్ట సీమలో గింజలు ఎత్తుకుని కిందికి. బండి పోలేని కనుమల్లో కూడా ఎద్దు పోతుంది. గడ్డీ నీళ్ళూ ఉన్న చోట్ల మజిలీ. ఏటేటా అదే దోవన వేల గిట్టలు పడితే ఆ దోవ దానంతటదే ఏర్పడేది. ఇంజనీరు లేడు, టెండరు లేదు. సేవాలాల్ మహరాజ్ కూడా ఇట్లాంటి లదేణి నడిపిన నాయకుడే అని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఆయన పుట్టిన చోటుగా మనం మొక్కే సేవాగఢ్ గుత్తి దగ్గరే ఉంది, అంటే ఈ సీమకు పొరుగునే.

ఎరుకల వాళ్ళది కూడా ఇట్లాంటి కథే. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తీసుకుపోయి లోపలి పల్లెల్లో గింజలకు మార్చేవాళ్ళు. "ఉప్పు ఎరుకల" అనే పేరు అట్లా వచ్చిందే. రోడ్డు లేని ఊరికి ఉప్పు చేరేది వాళ్ళ వీపుల మీద, వాళ్ళ గాడిదల మీద. ఊరోళ్ళు వాళ్ళ కోసం ఎదురు చూసేవాళ్ళు.

ఇది మన గొప్ప కోసం చెప్పుకునే మాట కాదు, రాజుల యుద్ధాల లెక్కల్లో కూడా ఉంది. టిప్పు సుల్తాను మీదికి పోయిన కారన్‌వాలిస్ 1791 ఫిబ్రవరిలో వేలూరు దగ్గర నుంచి ఆంబూరు కనుమ వైపు పోతున్నట్టు నమ్మించి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు దగ్గర మెట్ట మీదికి తేలాడు. అక్కడి నుంచి కోలారు, బెంగుళూరు. ఇప్పుడు చిత్తూరు నుంచి పలమనేరుకు బస్సులో పోతే ఎక్కేది ఆ మొగిలి ఘాటే. ఆ యుద్ధంలో కంపెనీ సైన్యానికి తిండి గింజలు మోసినవాళ్ళలో ముఖ్యమైనవాళ్ళు బంజారాలు. ఇంగ్లీషు రాతల్లో "బ్రింజారీలు" అని కనిపించేది మనవాళ్ళే. గింజలు అందక సైన్యం అల్లాడిన రోజుల్లో వాళ్ళ ఎద్దులు వస్తేనే దండు కదిలింది. ఇరుపక్షాల సైన్యాలకూ వాళ్ళు కావాల్సి వచ్చింది.

అంటే ఈ కనుమల్లో సరుకు నడిపే విద్య మనదే. దోవ తెలిసినవాళ్ళం మనం. మరి ఆ దోవలకు లెక్కలు రాసే రోజు వచ్చేసరికి మన పేరు ఎట్లా తప్పిపోయింది?

1800లో మదనపల్లె ప్రాంతం కడప, బళ్ళారిలతో పాటు దత్త మండలాల్లో భాగంగా కంపెనీ చేతికి వచ్చింది. పుంగనూరు, కంగుంది జమీందారీలు అట్లాగే సాగాయి. కంగుంది జమీనుకు ముఖ్యమైన ఊరు కుప్పం. కాబట్టి మనం ఇప్పుడు ఒకే సీమగా అనుకునే ఈ మూడు ఊళ్ళు అప్పట్లో ఒక్క చేతి కింద లేవు. మదనపల్లె కడప జిల్లాలో సర్కారు తాలూకా. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు వైపు జమీన్లు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టినప్పుడే ఇవన్నీ ఒక జిల్లాలోకి వచ్చాయి. (2022 ఏప్రిల్ 4న మళ్ళీ విడిపోయాయి. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. ఆ తర్వాత కూడా జిల్లా గీతల మీద మాటలు ఆగలేదు.)

మద్రాసు ప్రెసిడెన్సీలో రోడ్ల కోసం ప్రత్యేకంగా పన్ను మొదలైంది 1866 చట్టంతో. 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. 1884లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు పుట్టాయి. భూమి ఉన్నవాళ్ళ దగ్గర శిస్తుతో పాటు సెస్సు వసూలు చేసి, అందులో పెద్ద వాటా రోడ్లకు ఖర్చు పెట్టేవాళ్ళు. మీదికి టోల్ గేట్లు. బండ్లకు, సరుకు మోసే పశువులకు సుంకం. మొదటి రోడ్డు రిజిస్టర్లు ఇక్కడే పుట్టాయి: ఈ రోడ్డు జిల్లా బోర్డుది, ఆ రోడ్డు తాలూకా బోర్డుది అని.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద ఆగాలి. సెస్సు కట్టేది భూమి ఉన్నోడు. బోర్డులో కూర్చునేది భూమి ఉన్నోడు, వకీలు, జమీందారు. రోడ్డు ఎక్కడికి పోవాలో తేల్చేది వాళ్ళు. కచేరీ ఉన్న ఊరికి, సంతకు, రైల్వే స్టేషనుకు, బంగళాకు రోడ్డు పడింది. భూమి లేని, ఒక ఊరు అంటూ లేని మనవాళ్ళు టోల్ గేటు దగ్గర సుంకం కట్టారు, కానీ బోర్డు మీటింగులో వాళ్ళ తరఫున మాట్లాడేవాడు ఒక్కడు లేడు. లదేణి దోవ ఏదీ ఆ రిజిస్టర్లో "లదేణి దోవ" అని ఎక్కలేదు. బోర్డుకు పనికొచ్చిన ముక్కను కంకర వేసి ఎక్కించుకున్నారు, మిగతాది కంపల్లో కలిసిపోయింది.

అదే కాలంలో రైలు వచ్చింది. జోలార్‌పేట నుంచి బెంగుళూరు లైను 1864లో తెరిచారు, కుప్పం ఆ లైను మీదే ఉంది. వందల ఎద్దులు రోజుల తరబడి మోసే ఉప్పును ఒక్క గూడ్సు బండి పూటలో దించేది. మదనపల్లె వైపు ధర్మవరం–పాకాల లైను తర్వాత వచ్చింది. అక్కడి స్టేషను పేరు చూడండి, "మదనపల్లె రోడ్". ఊరికి దూరంగా స్టేషను కట్టి, అక్కడి నుంచి ఊరికి రోడ్డు ఉంటే రైల్వేవాళ్ళు ఆ పేరు పెట్టేవాళ్ళు. ఆ స్టేషను ఉన్నది చిన్నతిప్పసముద్రంలో, మనం సి.టి.ఎం. అంటామే, అక్కడ. ఈ పేరు ఒక్కటి చాలు ఆ కాలం అర్థం కావడానికి. రైలు వచ్చాక రోడ్డు పని మారిపోయింది. ఊరి నుంచి ఊరికి సరుకు నడపడం కాదు, ఊరి నుంచి స్టేషనుకు చేర్చడం.

1876–78 కరువులో ఈ సీమ ఎట్లా మాడిపోయిందో మీకు తెలుసు. కరువు పనుల కింద వేల మందితో రోడ్లు వేయించారు, కంకర కొట్టించారు. టెంపుల్ దొర పెట్టిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర. ఆ రోడ్ల కింద ఎందరి ఎముకలు ఉన్నాయో ఏ బోర్డు రిజిస్టరూ రాయలేదు. మన రాయలసీమ పాత రోడ్లలో కరువు కూలీ చెమట లేనిది తక్కువ. రాయి కొట్టే వడ్డెరోళ్ళ చేతి పని సరేసరి.

ఎద్దుల సరుకు పోయాక మనవాళ్ళు ఏం చేయాలి? కొందరు అడవి అంచుల్లో, గుట్టల కింద తండాలు కట్టుకుని వ్యవసాయం, గొడ్లు, కట్టెలు పట్టుకున్నారు. ఇప్పుడు మన తండాలు మెయిన్ రోడ్డుకు దూరంగా, కొండ మొగదల ఎందుకు ఉంటాయని అడిగేవాళ్ళకు జవాబు ఇదే. మంచి నేల అప్పటికే పట్టాల్లో ఉంది, మిగిలింది గుట్టల కిందే. ఎరుకలవాళ్ళకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. నేరస్త జాతుల చట్టం 1871లో ఉత్తరాదిలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల వాళ్ళను ఆ జాబితాలో ఎక్కించారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. దేశానికి ఉప్పు మోసినోళ్ళు దోవన నడవడమే నేరమైంది. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టం కింద వచ్చినవే. ఆ చట్టం మద్రాసులో 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది.

రోడ్డు పుస్తకంలోకి దోవలు ఎక్కుతున్న కాలంలోనే దోవన నడిచే మనుషులు పోలీసు పుస్తకంలోకి ఎక్కారు. మా లెక్కలో ఇవి రెండూ ఒకే కథ.

ఇప్పుడు రోడ్ల తరగతుల సంగతికి వద్దాం. బోరు కొట్టేట్టు ఉంటుంది గానీ ఇది తెలియకుండా అర్జీ రాస్తే చెత్తబుట్టకే.

1919 సంస్కరణలతో రోడ్లు రాష్ట్రాల సంగతి అయ్యాయి (అప్పట్లో ప్రావిన్సు అనేవాళ్ళు). కేంద్రం చేతులు దులుపుకుంది. కానీ మోటార్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, జిల్లా బోర్డుల కంకర రోడ్లు చక్రాల కింద పొడి అయిపోయాయి. 1927లో జయకర్ కమిటీ వేసి ఏం చేద్దామని అడిగారు. దాని ఫలితంగా 1929లో పెట్రోలు గ్యాలను మీద రెండు అణాల అదనపు సుంకంతో కేంద్ర రోడ్డు నిధి పుట్టింది. మద్రాసులో 1931లో మోటారు వాహనాల పన్ను తెచ్చి టోల్ గేట్లు ఎత్తేశారు.

1943 డిసెంబరులో, యుద్ధం జరుగుతుండగానే, ప్రావిన్సుల చీఫ్ ఇంజనీర్లు నాగపూర్‌లో కూర్చుని 20 ఏళ్ళ ప్లాను రాశారు. మన దేశంలో ప్రతి రోడ్డుకూ ఇప్పటికీ ఉన్న కులం అక్కడ పెట్టిందే అనొచ్చు. ఎగువన జాతీయ రహదారి. దాని కింద ప్రావిన్షియల్ హైవే. దాని కింద పెద్ద జిల్లా రోడ్డు, దాని కింద ఇతర జిల్లా రోడ్డు, అట్టడుగున గ్రామ రోడ్డు. 1950లో ప్రావిన్సులు రాష్ట్రాలయ్యాక ప్రావిన్షియల్ హైవే కాస్తా స్టేట్ హైవే అయింది. సాగు బాగా ఉన్న ప్రాంతంలో ఏ పల్లె అయినా మెయిన్ రోడ్డుకు అయిదు మైళ్ళకు మించి దూరం ఉండకూడదన్నది నాగపూర్ ప్లాను పెట్టుకున్న గురి. "సాగు బాగా ఉన్న ప్రాంతం" అన్న మాట గమనించండి. గుట్ట కింది తండా ఆ మాటలోకి రాదు.

దీనికి ముందూ వెనకా మద్రాసులో ఒక పెద్ద మార్పు జరిగింది. 1946లో హైవేస్ డిపార్టుమెంటు పెట్టి, ముఖ్యమైన రోడ్లను జిల్లా బోర్డుల చేతిలోంచి తీసుకున్నారు. 1947 ఏప్రిల్ 1 నుంచి జాతీయ రహదారుల ఖర్చు కేంద్రం మోయడం మొదలుపెట్టింది. తర్వాత రాజ్యాంగం దీన్ని స్థిరం చేసింది. పార్లమెంటు చట్టంతో జాతీయ రహదారులుగా ప్రకటించినవి కేంద్ర జాబితాలో 23వ అంశం. మిగతా రోడ్లన్నీ రాష్ట్ర జాబితాలో 13వ అంశం. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. 73వ సవరణ తర్వాత పంచాయతీలకు ఇవ్వదగిన విషయాల్లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు చేరాయి. పదకొండో షెడ్యూలులో కూడా అది 13వ అంశమే. గ్రూప్స్‌కు చదివేవాళ్ళు గుర్తు పెట్టుకోవడానికి తేలిక.

ఈ మెట్లు మన సీమలో ఎట్లా పనిచేస్తాయో ఒక్క రోడ్డు చూస్తే చాలు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వైపు పోయి, సరిహద్దు దాటి తమిళనాడులో కృష్ణగిరికి చేరే రోడ్డు. మన గ్రూపులో చాలామంది పుట్టినప్పటి నుంచీ ఎక్కే బస్సు ఈ రోడ్డు మీదే పోతుంది. ఇది రాష్ట్రం రోడ్డుగా ఉండి తర్వాత జాతీయ రహదారి 219 అయింది. పొడవు సుమారు 150 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే. 2010లో దేశమంతా నంబర్లు మార్చినప్పుడు దీన్ని ఉరవకొండ, అనంతపురం, కదిరి వైపు రోడ్డుతో కలిపి జాతీయ రహదారి 42 అన్నారు. మదనపల్లె నుంచి పీలేరు, తిరుపతి వైపు పోయేది 71. పలమనేరు దగ్గర దీన్ని అడ్డంగా కోసే పాత బెంగుళూరు–మద్రాసు రోడ్డు ఒకప్పుడు 4, కారన్‌వాలిస్ ఎక్కిన మొగిలి కనుమ ఉన్న రోడ్డు అది.

నంబరు మారితే ఏమవుతుంది? అదే మట్టి, అదే మలుపు. కానీ డబ్బు వచ్చే చోటు మారుతుంది. స్టేట్ హైవేకు రాష్ట్ర బడ్జెట్లోంచి రావాలి, అది ఏ ఏడు ఎంత వస్తుందో చెప్పలేం. జాతీయ రహదారి అయితే ఢిల్లీ మంత్రిత్వ శాఖ ఇస్తుంది. పని చేయించేది నేషనల్ హైవేస్ అథారిటీ కావచ్చు, లేదా ఆ శాఖ తరఫున మన ఆర్ అండ్ బి లోనే ఉండే జాతీయ రహదారుల విభాగం కావచ్చు. అందుకే రోడ్డు పక్కన పనిచేసే ఇంజనీరు రాష్ట్రం మనిషి, బిల్లు మాత్రం కేంద్రానిది అనే చిత్రం కనిపిస్తుంది. కుప్పం లాంటి మూడు రాష్ట్రాల కూడలిలో ఇంకో తేడా కూడా తెలుస్తుంది. జాతీయ రహదారికి సరిహద్దు దాటినా అదే నంబరు, అదే వరస. చిన్న రోడ్డయితే సరిహద్దు రాయి దగ్గర పుస్తకం మారిపోతుంది. ఈ పక్క తారు ఉండి ఆ పక్క గుంతలు, లేదా ఆ పక్క నున్నగా ఉండి మన పక్క గుంతలు, కుప్పం పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఎగువ మెట్ల సంగతి అది. మనకు కావాల్సింది కింది మెట్లు.

1959 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాయి. అప్పటి నుంచి రోడ్లు రెండు ఇళ్ళుగా చీలాయి. స్టేట్ హైవేలు, పెద్ద జిల్లా రోడ్లు, ఇతర జిల్లా రోడ్లలో కొన్ని ఆర్ అండ్ బి ఇంట్లో. పల్లెలకు పోయే రోడ్లు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఇంట్లో. పట్టణంలో వీధులు మున్సిపాలిటీవి. మరే పుస్తకంలోనూ లేని ఊరి దోవలు 1994 పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామ పంచాయతీకి దక్కుతాయి. అంటే చట్టం ప్రకారం "ఎవరిదీ కాని రోడ్డు" ఉండదు. పబ్లిక్ దోవ అయితే చివరికి పంచాయతీది. అయితే పంచాయతీకి దక్కడం వేరు, పంచాయతీ దగ్గర డబ్బు ఉండడం వేరు.

ఇక ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబరు 25న మొదలైంది. నిజం చెప్పాలంటే మన పల్లెల్లో నల్ల రోడ్డు చూసింది చాలామంది దీని పుణ్యమానే. ఆవాసాన్ని లెక్కగా తీసుకుంటుంది, రెవెన్యూ గ్రామాన్ని కాదు. ఇది మనకు మేలే, ఎందుకంటే తండా విడిగా లెక్కకొస్తుంది. కానీ ఇక్కడే మెలిక ఉంది. మైదానంలో ఆవాసంలో 500 మంది ఉండాలి. కొండ రాష్ట్రాలు, ఎడారులు, ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో 250 చాలు. 2024లో మొదలైన నాలుగో విడత కూడా మైదానానికి 500 అనే అంటుంది, 2011 జనాభా లెక్కల మీద.

మన సీమలో గిరిజనులున్నారు, గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. రాయలసీమలో ఎక్కడా లేదు. మన్యం జిల్లాల్లో ఉంది. షెడ్యూలు తెగ అనేది మనిషికి అంటుకుని ఉండే గుర్తింపు, షెడ్యూల్డ్ ప్రాంతం అనేది నేలకు ఉండే గుర్తింపు. మనకు మొదటిది ఉంది, రెండోది లేదు. 60 ఇళ్ళ తండా తీసుకోండి. ఇంటికి నలుగురైదుగురు లెక్కన 270 మంది. అదే తండా పాడేరు వైపు ఉంటే ఈ పథకంలోకి వస్తుంది. తంబళ్ళపల్లె వైపో, పుంగనూరు వైపో ఉంటే రాదు. మనిషి అదే తెగ, వాన అదే వాన, కడుపు నొప్పులతో మంచం మీద మోసుకొచ్చే ఆడబిడ్డ అదే ఆడబిడ్డ. నేల మీద గీసిన గీత వేరు, అంతే. షెడ్యూలు ప్రాంతం లేని చోట కూడా ఎస్టీ ఆవాసాలకు 250 లెక్క వర్తింపజేయాలని అడగడానికి మనకు న్యాయం ఉందని మా ఉద్దేశం. వెనకబడినవిగా ప్రకటించిన కొన్ని జిల్లాలు, బ్లాకులకు కూడా 250 సడలింపు ఉంది కాబట్టి, మీ మండలం ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే ఆ ముక్క అర్జీ మొదటి లైనులోనే రాయండి.

పథకంలోకి రాని తండాలకు ఎక్కువగా దొరికింది ఉపాధి హామీ కింద వేసిన గ్రావెల్ రోడ్లు, తండా లోపల సిమెంటు రోడ్లు. లోపల సిమెంటు వీధి ఉంటుంది, తండా నుంచి మెయిన్ రోడ్డుకు రెండు కిలోమీటర్లు మాత్రం మట్టి. బయటోళ్ళకు వింతగా ఉంటుంది గానీ ఇది పుస్తకాల వల్ల వచ్చిన వింత. వీధి ఒక పద్దు, లింకు రోడ్డు ఇంకో పద్దు.

ఇంకొక గేటు ఉంది, అది అడవి. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచుల్లో ఉన్న తండాలకు ఇది బాగా తెలుసు. పొద్దు వాలితే ఏనుగుల భయం, ఆ చీకట్లో మట్టి దోవ. రోడ్డు వెయ్యాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలంటారు, ఫైలు పోతుంది, ఏళ్ళు పోతాయి. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) అని ఒకటుంది. బడి, అంగన్‌వాడీ, తాగునీళ్ళ పైపు లాంటి 13 రకాల ఊరి అవసరాలకు అడవి భూమి ఇవ్వొచ్చని అది చెప్తుంది. అందులో రోడ్డు కూడా ఉంది. షరతులు: ఒక్కో పనికి భూమి ఒక హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ తీర్మానం ఉండాలి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతానికే పరిమితం కాదు, మన సీమకూ వర్తిస్తుంది. లెక్క వేసి చూడండి. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. దోవ ఆరు మీటర్ల వెడల్పున చదును చేస్తే సుమారు 1,600 మీటర్లు వస్తుంది. మన తండాల్లో చాలావాటికి అడవిలో పోయే ముక్క అంతకన్నా తక్కువే.

కాబట్టి అర్జీ రాసేముందు చేయాల్సిన పని ఇది. మొదట మీ రోడ్డు కలిసే పెద్ద రోడ్డు మీద కిలోమీటరు రాయి చూడండి. తల పసుపు ఉంటే జాతీయ రహదారి, పచ్చ ఉంటే స్టేట్ హైవే, నారింజ ఉంటే గ్రామ సడక్ రోడ్డు. తర్వాత తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం అడగండి. మీ దోవ అందులో బండి బాటగానో రస్తా పోరంబోకుగానో ఉంటే సగం గెలిచినట్టే, ఎందుకంటే ఆ నేల ఎవడి పట్టా కాదు. ఎక్కడ పట్టా భూమిలోంచి పోతుందో, ఎక్కడ అడవిలోంచి పోతుందో సర్వే నంబర్లతో రాసుకోండి. మూడోది, సమాచార హక్కు కింద ఆర్ అండ్ బి కి ఒకటి, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌కు ఒకటి, పంచాయతీకి ఒకటి, ఒకే ప్రశ్నతో మూడు దరఖాస్తులు వేయండి: "ఫలానా చోటు నుంచి ఫలానా తండా వరకు ఉన్న దోవ మీ రోడ్ల రిజిస్టర్లో ఉందా? ఉంటే నంబరు, పొడవు, చివరిసారి పని చేసిన సంవత్సరం ఇవ్వండి." 30 రోజుల్లో జవాబు రావాలి. "మాది కాదు" అని నోటితో చెప్పడం తేలిక, సంతకం పెట్టి రాసివ్వడం అంత తేలిక కాదు. మూడు ఆఫీసులూ కాదని రాసిస్తే ఇంకా మంచిది. ఆ మూడు కాగితాలూ జతచేసి కలెక్టరు గ్రీవెన్సులో ఇవ్వండి.

ఇంకో పని కూడా మీ మీద పెడుతున్నాం. మీ తండాలో, మీ ఎరుకల వీధిలో 70 ఏళ్ళు దాటిన తాతలను, అవ్వలను అడగండి. లదేణి ఏ దోవన పోయేదని వాళ్ళ పెద్దోళ్ళు చెప్పారు, ఉప్పు ఏ సంతలో దించేవాళ్ళు, ఎద్దులకు నీళ్ళు ఏ చెరువు దగ్గర పట్టేవాళ్ళు, రాత్రి మజిలీ ఏ చెట్టు కింద. ఊరి పేర్లు, గుట్టల పేర్లు వాళ్ళు పలికినట్టే రాసి పంపండి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, రామకుప్పం, కుప్పం వైపు నుంచి వచ్చినవన్నీ కలిపి ఒక పటం గీయాలని అనుకుంటున్నాం. ఆ పటాన్ని ఇప్పటి రోడ్ల పటం మీద పెట్టి, ఏ ముక్క జాతీయ రహదారి అయిందో, ఏ ముక్క కంపల్లో ఉందో గుర్తులు పెడదాం.